విమానం సీటు మీద దస్తీ

రండి, ఇంకాస్త దగ్గరికి జరగండి. కుర్చీలు గోడ పక్కన ఉన్నాయి గాని, వాటిలో కూర్చుంటే నా మాట సగమే అందుతుంది. ఈ చాప మీదికి రండి. కాళ్లు ఎట్లా పెట్టుకుంటారో మీ ఇష్టం. ముడుచుకోండి, చాపుకోండి, ఒకటి మడిచి ఒకటి వదిలేయండి. నేనేమీ కాగితం మీద రాసుకోను. మనిషి కూర్చున్నాక కాళ్లు ఎటు పోయాయో చూసి రాసుకునే ఉద్యోగాలు కూడా ఉంటాయని నాకు జనగామలో తెలిసింది. ఆ సంగతే చెబుతాను. చాయ్ చేతిలో పట్టుకోండి.

మా తమ్ముడి బిడ్డ హైదరాబాదులో ఒక కంపెనీలో చేరింది. విమానం లోపల కంటికి కనబడేదంతా ఎట్లా ఉండాలో గీసి, చెక్కతోనూ ఫోముతోనూ నమూనా కట్టి, విమానాలు నడిపేవాళ్లకు చూపించే కంపెనీ అది. సీటు, సీటు మీది బట్ట, తల మీద సామాన్ల అర, దీపాలు, చివరికి మరుగుదొడ్డిలో అద్దం ఎంత ఎత్తున ఉండాలన్నదీ వాళ్లే తేలుస్తారు. మా తమ్ముడు మాత్రం జనగామ బస్టాండులో కనబడ్డ ప్రతివాడికీ తన బిడ్డ విమానాలు తయారు చేస్తుందని చెప్పుకున్నాడు. ఒకాయన, అయితే మొన్న మా ఇంటి మీదుగా చప్పుడు చేసుకుంటూ పోయింది మీవాళ్లదేనా అని అడిగాడట. మావాడు కాదనలేదట.

పిల్ల చేరి ఏడాది అయింది గాని ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆమె పైన ఒక పెద్దసారు. తెల్ల బూట్లు, చీలమండలు కనబడే ప్యాంటు. ఆయన నోట్లో ఎప్పుడూ ఒకటే మాట: అనుభవం. సీటులో కూర్చుంటే అనుభవం, నీళ్లు తాగితే అనుభవం, మరుగుదొడ్డి తలుపు గడియ సరిగ్గా పడితే అది మరీ గొప్ప అనుభవం. పెళ్లయిన కొత్తలో మానుకోటలో మా అత్తగారింట్లో నేను పడ్డవాటికి కూడా నేను అంత పెద్ద పేరు పెట్టలేదు. మానుకోట అంటే మహబూబాబాదే. మేము అట్లాగే అంటాం.

ఒక విమానాల కంపెనీ కొత్త విమానాలు తెప్పించుకుంటోంది. పక్క కంపెనీ విమానం వదిలేసి జనం తమ విమానమే ఎక్కాలని వాళ్ల ఆశ. ఎప్పుడూ ఎక్కేవాళ్లు ఎట్లాగూ ఎక్కుతారు, ఇంతవరకు ఎక్కనివాళ్లను ఎవరు ఎక్కిస్తే వాళ్లదే గెలుపు అని తేల్చుకున్నారట. అందుకని రెండు రకాల సీట్లు తయారయ్యాయి. ఒకటి పెద్దసారు సీటు. దాని వీపు పలక చాటంత పలచన. వీపు ఎంత పలచనైతే విమానంలో అంత ఎక్కువ మందిని కుక్కొచ్చు. దానికి ఆయన పెట్టిన పేరు తేలికదనం.

రెండోది మా పిల్ల సీటు. దాని సంగతి చెప్పాలంటే ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

మా అమ్మ పొట్టిది. నాకన్నా బెత్తెడు తక్కువ. మోకాళ్ల నొప్పులని నెలకోసారి జనగామ నుంచి వరంగల్ దవాఖానకు బస్సులో పోయేది. బస్సు సీటులో కూర్చుంటే కాళ్లు కిందికి అందేవి కావు. దారంతా గాల్లో ఊగి ఊగి, దిగేసరికి పాదాలు బూరెల్లా ఉబ్బేవి. ఇట్లా కాదని, అన్నం తినేటప్పుడు వేసుకునే పీట ఒకటి సంచిలో పెట్టుకుని పోవడం మొదలుపెట్టింది. సీటు ముందు పీట వేసుకుని, దాని మీద కాళ్లు ఆనించి, రాణిలాగా కూర్చునేది. బస్సంతా నవ్వేది. ఒక కండక్టరు, పీటకు కూడా టికెట్ కొట్టాలా అవ్వా అని అడిగాడు. కొట్టు బిడ్డ, కొట్టి దానికి గూడ ఒక సీటియ్యి అంది మా అమ్మ. ఆ పీట సంచి మోసినది ఎవరనుకున్నారు? ఈ మేనకోడలే. అప్పుడు దానికి ఏడేళ్లు. నాయినమ్మ వెనక సంచి ఈడ్చుకుంటూ పోయేది. అమ్మ పోయి చాలా ఏళ్లయింది. పీట ఇప్పటికీ మా తమ్ముడి వంటింట్లోనే ఉంది.

మా పిల్ల తన సీటుకు ఆ పీటనే పెట్టింది. చెక్క పీట కాదు లెండి. ముందు సీటు కింద ఒక కడ్డీ. కాలితో తోస్తే కిందికి దిగుతుంది, పొట్టివాళ్లు దాని మీద పాదాలు ఆనించుకోవచ్చు. చేతులు పెట్టుకునే కమ్మీ పూర్తిగా పైకి లేస్తుంది, ఒక కాలు మడిచి పెట్టుకునేవాళ్లకు తొడకు తగలకుండా. మూట పెట్టుకోవడానికి కళ్ల ఎదుటే ఒక వల సంచి. మనవాళ్లు మూటను తల మీది అరలో పెట్టి మూత వేస్తే దిగేదాకా దాని వైపే చూస్తుంటారని ఆ పిల్లకు తెలుసు. కూర్చునేచోటు కూడా రెండు వేళ్లు వెడల్పు పెంచింది. ఇవన్నీ చేస్తే ఒక వరస తగ్గుతుంది. పెద్దసారుకు అదే కడుపు మంట.

సీట్ల పరీక్షకు వారం ముందు పిల్ల మానుకోట వచ్చింది. రాగానే గోడకు ఆనుకుని కూర్చుంది, నీళ్లు కూడా తాగలేదు. విమానమే ఎక్కని ముప్పయ్యారుగురు కావాలంది. జనగామ వాళ్లు, మానుకోట వాళ్లు, భూపాలపల్లి వైపు వాళ్లు. వాళ్లను రెండు రకాల సీట్లలోనూ కూర్చోబెట్టి ఏది బాగుందో అడుగుతారట.

"అత్తా, నా సీటు గెలిస్తే నన్ను ఖాయం జేస్తరు. లేకుంటే గీ నెలతోటే సరి."

"సరి అంటే?"

"ఇంటికొచ్చుడే. నాయిన రేపు బస్టాండ్ల ఏం జెప్పుకుంటడో నువ్వే సూడు."

మనుషులను నేను జమ చేస్తానని మాట ఇచ్చాను. పోతూ పోతూ ఆ పిల్ల, ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్లను తీసుకురా అత్తా అంది. ఆ మాట నేను విన్నాను. విని, నా తెలివి నేను చూపించాను.

భూపాలపల్లి దగ్గరి చిట్యాలలో మా అక్క ఉంటుంది. మా బావ చెల్పూరు కరెంటు ఫ్యాక్టరీలో పని చేసి రిటైరయ్యాడు. అక్కకు ఫోన్ చేస్తే అటువైపు పన్నెండు మందిని పోగు చేసింది. అందులో వాళ్ల ఊరి మాజీ సర్పంచు ఒకాయన. పదవి పోయి చాన్నాళ్లయినా కండువా దిగలేదు. మా వైపు నుంచి గార్ల దగ్గరి తండా ఆమె ఒకతె తన వాళ్లను తీసుకుని బయలుదేరింది. ఇరవై ఏళ్లుగా మా చేనులో మిరప ఏరడానికి వస్తుంది, నన్ను అక్కా అంటుంది. మిరప లేని రోజుల్లో పుణె దాకా పోయి ఇళ్ల పనుల్లో మట్టి మోసి వచ్చిన మనిషి. జనగామ వాళ్లను మా తమ్ముడు చూసుకున్నాడు.

ఈ ముప్పయ్యారు మందికీ, ఒక్కొక్కరికీ విడివిడిగా, నేను చెప్పిందొకటే. మా పిల్ల పరువు ఉంది, అక్కడ వాళ్లు ఏమడిగినా బాగుందని చెప్పండి, వంక పెట్టకండి. అందరూ సరేనన్నారు. అనరా మరి? ఎవరింటికైనా పోతే మంచం వాల్చి కూర్చోమంటారు. నులక వదులై నడుము నేలకు తగిలినా, మంచం మంచిగున్నది వదినా అనే కూర్చుంటాం. ఇచ్చిన సీటుకు వంక పెట్టిన చుట్టాన్ని రెండోసారి ఎవరు పిలుస్తారు? ఇది మాకు ఎవరూ నేర్పలేదు, పాలతో తాగినదే. దాని మీద నేను మళ్లీ గట్టిగా చెప్పాను. పిల్లకు మేలు చేశాననుకుని హాయిగా పడుకున్నాను.

పరీక్ష జనగామలో ఒక ఫంక్షన్ హాలులో. ముందు రోజు అక్కడ ఎవరిదో పెళ్లయింది. గేటు మీద పూలు ఇంకా వాడలేదు. ఫంక్షన్ హాలు అన్నందుకే మావాళ్లలో సగం మంది పట్టుచీరలు కట్టుకుని వచ్చారు. మాజీ సర్పంచు అయితే లోపలికి రాగానే చుట్టూ చూసి, పిల్లగాని తరపోళ్లు ఇంకా దిగలేదా అని అడిగాడు.

భోజనాల హాలులో విమానం ఉంది. రెక్కలు లేవు, తోక లేదు, ముక్కు లేదు. నిలువునా కోసి గింజలు తీసేసిన దోసకాయలో ఆరు వరసల సీట్లు పెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. వరసకు ఆరు సీట్లు. ముందు మూడు వరసలు పెద్దసారువి, వెనక మూడు మా పిల్లవి. ఏవి ఎవరివో ఎవరికీ చెప్పకూడదట. నాకు కడ్డీ చూడగానే తెలిసిపోయింది.

పెద్దసారు మైకు పట్టుకున్నాడు. మాకు దగ్గరవుదామని మా యాసలో, గిట్ల రండ్రి, గిట్ల కూసోండ్రి అన్నాడు. మా మాటే మాకు తిరిగి వడ్డించాడు, అదీ సినిమాల్లో నవ్వించడానికి పెట్టినవాడు పలికినట్టు. మావాళ్లు మర్యాదగా నవ్వారు. ఆయన అది మెచ్చుకోలు అనుకుని మధ్యాహ్నం దాకా అట్లాగే లాగించాడు.

లోపల కూర్చున్నాక అనుభవాలు మొదలయ్యాయి. ముందు దీపాలు ఊదారంగుకు తిరిగాయి. ఇది సూర్యోదయమట. పదకొండు గంటలకు సూర్యోదయం. పెళ్లి బరాత్ బండి లోపల కూర్చున్నట్టుంది. కిటికీల్లో మబ్బుల బొమ్మలు అతికించారు. తండా ఆమె చాలాసేపు ఆ మబ్బునే చూసి, గిది కదుల్తలేదేంది, సిగ్నల్ పడ్డదా అని నన్ను అడిగింది.

తర్వాత ఎక్కడి నుంచో బుస్సుమని ఒక వాసన వచ్చింది. వాన పడ్డ మట్టి వాసనట. పల్లె నుంచి వచ్చినవాళ్లకు ఇల్లు గుర్తుకొచ్చి ప్రాణం కుదుటపడాలని పెట్టారట. ఆ ఏడు మాకు వానలు మొహం చాటేశాయి. పత్తి గింజలు రెండుసార్లు పెట్టినా మొలవక ఒట్టి నేల చూసుకుంటున్నవాళ్లు ఆ సీట్లలో కూర్చుని ఉన్నారు. హాలంతా ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడలేదు. పెద్దసారు అది చూసి, అనుభవం బాగా పట్టిందని రాసుకున్నాడు. మాజీ సర్పంచు మాత్రం నెమ్మదిగా అడిగాడు.

"గీ వాన సీసాలొస్తదా సారు? మా చిట్యాల దిక్కు వచ్చినప్పుడు జర రెండు సీసాలు మా చేన్ల కొట్టిపోరాదు."

సారు అది కూడా రాసుకున్నాడు.

ముందు వరసల్లో కొంతసేపు కూర్చోబెట్టారు. నా పక్కన మా అక్క. అక్కకూ మా అమ్మ కాళ్లే వచ్చాయి, ఆ పొట్టివే. పాదాలు గాల్లో వేలాడుతున్నాయి. వీపు పలక వెనక నుంచి మాజీ సర్పంచు మోకాలు నా నడుములోకి దిగింది. అది ఆయన మోకాలు అని అంత తేటగా తెలుస్తోందంటే ఆ పలక ఎంత పలచనో చూడండి. అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. మోకాలికి ఎప్పుడూ వేసుకునే సాగే పట్టీని చీర మీది నుంచే పిసుక్కుంటోంది. అంతలో ఒక అమ్మాయి వచ్చి ఎట్లా ఉందమ్మా అని అడిగితే, మంచిగున్నది బిడ్డ, మస్తుగున్నది అంది. నా వైపు తిరిగి చిన్నగా కన్ను కొట్టింది. నీ మాట నిలబెట్టాను చూడు అన్నట్టు.

తర్వాత వెనక వరసల్లో కూర్చోబెట్టారు. అక్క కాలితో తడిమింది, కడ్డీ దిగింది, పాదాలు ఆనాయి. నా చేయి వదిలేసింది. కాసేపటికి కునుకు తీసింది. ఎట్లా ఉందమ్మా అని ఆ అమ్మాయి అడిగితే ఉలిక్కిపడి లేచి మళ్లీ అదే చెప్పింది, మంచిగున్నది బిడ్డ, మస్తుగున్నది.

ఇక కాగితాలు ఇచ్చారు. చదువురానివాళ్లకు ఇబ్బంది లేకుండా అయిదు మొహాలు గీశారు. ఒకటి పళ్లు బయటపెట్టి నవ్వేది, చివరిది కన్నీళ్లు కార్చేది. సీటు ఎట్లా ఉందో ఆ మొహం మీద టిక్కు పెట్టాలి. పట్టుచీరలు కట్టుకుని పెళ్లి జరిగిన హాలుకు వచ్చి ఏడ్చే మొహం మీద టిక్కు పెట్టే ఆడమనిషి మూడు జిల్లాల్లో లేదు. అందరూ రెండు సీట్లకూ నవ్వే మొహం మీదే పెట్టారు. మాజీ సర్పంచు ఖాయంగా ఉండాలని రెండేసి టిక్కులు పెట్టాడు.

నేను మంచినీళ్లకు లేచి పోతుంటే పెద్దసారు మాట వినబడింది. మా పిల్ల ముందు కాగితాల కట్ట పెట్టుకుని ఉన్నాడు. ఇప్పుడు యాస లేదు.

"చూశావుగా. వీళ్లకి తేడా తెలీదమ్మా. ఎక్కడ కూర్చోబెట్టినా ఒకటే. ఇంక నీ సీటు ఎందుకు?"

పిల్ల ఆ కట్ట తన వైపు లాక్కుంది. కాగితాలు ఒక్కొక్కటీ తిప్పి చూసింది, చివరిదాకా చూసింది. తర్వాత అన్నం గుండిగల పక్కకు వచ్చింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను.

"అత్తా, ముప్పయ్యారు మందిల ఒక్కరికి గూడ కాళ్లు గుంజలేదా?"

తల దించుకుని చెప్పాను.

"నేనే జెప్పిన బిడ్డా. ఏమడిగినా బాగుందనుండ్రి అని అందరికి నేనే జెప్పిన."

ఆ పిల్ల నన్ను తిట్టినా బాగుండేది. తిట్టలేదు. పక్కకు జారిన గుండిగ మూత సర్ది పెట్టింది.

"నా కోసమే జెప్పినవ్. గదే నా పానం మీదికొచ్చింది అత్తా."

విమానాల కంపెనీ నుంచి ఒక మేడం భోజనాల తర్వాత వస్తుందట. ఆమె ఈ కాగితాలు చూసి ఏ సీటో చెప్పి పోతుందట. నాకు కాలు నిలవలేదు. నేరుగా పెద్దసారు దగ్గరికి పోయి జరిగింది చెప్పాను, ఆ టిక్కులు నమ్మొద్దు, అవి మా మర్యాద అన్నాను. ఆయన చాలా వినయంగా విన్నాడు. మీ నిజాయితీ కూడా మాకొక అనుభవమే అమ్మా అన్నాడు. రాసుకున్నాడు. కాగితాల కట్ట మాత్రం తీసిన చోటే పెట్టాడు.

భోజనాలు మొదలయ్యాయి. అంతలో మైకులో చెప్పారు. తిన్నాక మళ్లీ విమానంలో కూర్చోవాలట. ఢిల్లీ దాకా పోయినట్టు రెండు గంటలపాటు. సినిమా కూడా వేస్తారట. ఈసారి ఎవరికి నచ్చిన సీటులో వాళ్లు కూర్చోవచ్చట.

రెండు గంటలు అనగానే హాలులో చప్పుడు ఆగింది. పప్పులోకి పోయిన చేతులు అక్కడే ఆగాయి. తర్వాత ఒకామె నీళ్లు తెచ్చుకుంటానని లేచింది. ఒకాయన చేయి కడుక్కుంటానని లేచాడు, విస్తరిలో అన్నం అట్లాగే ఉంది. మాజీ సర్పంచుకు ఏదో ఫోన్ వచ్చింది, ఫోను మాత్రం జేబులోనే ఉంది. చిట్యాల వాళ్లు లేచారు, తండా వాళ్లు లేచారు. అందరూ అటే, దోసకాయ వైపే పోయి, ఏమీ ఎరగనట్టు వచ్చి మళ్లీ అన్నం ముందు కూర్చున్నారు. మా అక్క కూడా కుంటుకుంటూ పోయి వచ్చింది.

నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. మా వైపు బస్సు వచ్చి ఆగితే ఎవరూ ముందు తలుపు వైపు పోరు. కిటికీ దగ్గరికి ఉరికి లోపలికి దస్తీ, అదే చేతిరుమాలు, విసురుతారు. దస్తీ పడిన సీటు వాళ్లది. తర్వాత నిదానంగా ఎక్కి వచ్చి కూర్చుంటారు. ఆ దస్తీ తీసేసి కూర్చున్నవాడు ఆ బస్సులో బతికి బట్టకట్టడు.

విమానంలోకి పోయి చూశాను. ముందు మూడు వరసల్లో ఏమీ లేదు. సెలవుల్లో బడి బెంచీల్లాగా ఉన్నాయి. వెనక పద్దెనిమిది సీట్ల మీద మాత్రం ఖాళీ లేదు. దస్తీలు, తువ్వాళ్లు, నీళ్ల సీసాలు, కళ్లద్దాల డబ్బా, ఆధార్ కాగితాలున్న ప్లాస్టిక్ కవరు, ఒక చెప్పు, సగం తిన్న అరటిపండు. ఒక్కో సీటు మీద రెండేసి, ఒకదాని మీద మూడు. కిటికీ పక్క సీటులో మా అక్క మోకాలి పట్టీ. దస్తీ మరిచి వచ్చిందేమో, కాలికున్నది విప్పి పరిచింది.

పెద్దసారు అప్పుడే లోపలికి వచ్చి ఆ చెత్త చూసి తల పట్టుకున్నాడు. మేడం గేటు దగ్గరికి వచ్చేసిందట. హాలు ఊడ్చే ఆమెను పిలిచి, అంతా తీసి సంచిలో వేయమన్నాడు. ఆమె జనగామ మనిషి. చీపురు గోడకు ఆనించి నిలబడింది.

"దస్తీ ఏసిన సీటు నేను ముట్ట సారు. కొట్లాటైతది."

నేను పరుగెత్తి పిల్లను తీసుకొచ్చాను. సీట్లు చూసింది, నన్ను చూసింది. పొద్దుటి నుంచి మొదటిసారి దాని మొహంలో కళ కనబడింది. మేడం కూడా అప్పుడే లోపలికి వచ్చింది. హిందీ మాట్లాడే ఆమె, ఎత్తు మడమల చెప్పులు. ఇవన్నీ ఎవరు పడేసుకున్నారని అడిగింది. పెద్దసారు క్షమించమని మొదలుపెట్టాడు. అంతలో తినడం అయిపోయి మావాళ్లు ఎక్కేశారు. ఇక కథ ఆయన చేతిలో లేదు.

అయిదో వరసలో మాజీ సర్పంచూ తండా ఆమే ఒకే సీటు దగ్గర నిలబడ్డారు.

"నా కండువ కనబడ్తలేదా?"

"నీ కండువ కిందనే నా సీస ఉన్నది పటేలా. కిందున్నది ముందొచ్చినట్టా, మీదున్నది ముందొచ్చినట్టా?"

"ముందటంత ఖాళీగ ఉన్నది గదా. పోయి కూసోరాదు."

"ఖాళీ ఎందుకున్నదో నీకెర్కలేదా? పొద్దుగాల గాడ కూసొని తొడలు పిసుక్కున్నది నువ్వు గాదా?"

మేడం ఏమిటని అడిగింది. పెద్దసారు నోరు తెరిచేలోపు తండా ఆమె పుణెలో నేర్చిన హిందీలో తానే చెప్పేసింది. ముందు సీటులో కాళ్లు వేలాడతాయి, వెనకవాడి మోకాలు వీపులో దిగుతుంది, అరగంట అయితే ఓర్చుకున్నాం, రెండు గంటలు మా వల్ల కాదు అని. హిందీలో గొంతు ఇంకా గట్టిగా ఉంది. పెద్దసారు వెంటనే కాగితాల కట్ట అందించాడు. మేడం తిప్పి చూసింది. అందరూ రెండూ బాగున్నాయనే పెట్టారు కదా అంది.

అప్పుడు మా పిల్ల ముందుకు వచ్చింది. మేడంకు ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఏం చెప్పావని తర్వాత అడిగితే నాకు తెలుగులో చెప్పింది.

"నోటితోటి బాగుందన్నది మర్యాదకు మేడం. మర్యాదకు దస్తీ ఎవ్వరెయ్యరు అని చెప్పిన."

మేడం కాగితాలు పక్కన పెట్టింది. ముందు వరసలో ఒక సీటులో కూర్చుని, ఆ ఎత్తు చెప్పులు విప్పింది. చూద్దును కదా, ఆమె మా అమ్మంత ఉంది. పాదాలు గాల్లో ఆగాయి. అవే చూసుకుంటూ కూర్చుంది. తర్వాత లేచి ఒట్టికాళ్లతో వెనక్కి వచ్చి, మా అక్క పట్టీని రెండు వేళ్లతో ఎత్తి, కూర్చోవచ్చా అన్నట్టు చూసింది.

"కూసో బిడ్డ," అంది అక్క. "కాని లేసినంక గా సీటు నాదే."

మేడం పట్టీని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కడ్డీ తనే వెతుక్కుంది. సినిమా సగం అయ్యేదాకా లేవలేదు. అక్క అంతసేపూ పక్కనే నిలబడి ఆమెను చూసింది.

పదిహేను రోజులకు కబురు వచ్చింది. మా పిల్ల సీటునే తీసుకున్నారు. పూర్తిగా కాదు. కడ్డీ ఉంచారు, వల సంచి ఉంచారు, పైకి లేచే కమ్మీ ఉంచారు. పెంచిన రెండు వేళ్ల వెడల్పు మాత్రం తిరిగి లాక్కున్నారు. మనిషి పిరుదులను కోయలేరు కనుక సీటును కోశారు. వాన వాసన కూడా ఉంచారట. అది అందరికీ నచ్చిందని కాగితాల్లో ఉందట.

పిల్ల ఉద్యోగం ఖాయమైంది. మా తమ్ముడు బస్టాండులో ఏం చెప్పాడో నేను అడగలేదు.

పెద్దసారు కూడా ఉద్యోగంలో ఒక మెట్టు పైకెక్కాడు. ఒక పెద్ద సభలో ఆయన మాట్లాడినది పిల్ల ఫోనులో చూపించింది. వెనక తెర మీద, ఆ రోజు ఎవరో తీసిన ఫోటోలో, మా దస్తీలూ సీసాలూ సగం తిన్న అరటిపండూ పెద్దగా పడ్డాయి. పక్కన నోరు తెరుచుకుని నేను. పల్లె ప్రయాణికుల మనసు తెలుసుకోవడానికి కాగితాలు నమ్మకూడదని తాను ముందే కనిపెట్టాడట. అందుకే సీట్లను ఖాళీగా వదిలి, ఎవరు ఎక్కడ బట్ట వేస్తారో చూసే పద్ధతి తయారు చేశాడట. అందరూ చప్పట్లు కొట్టారు. చీపురు పట్టుకుని ఊడ్చే ఆమె ముట్టనన్నందుకు ఆ పద్ధతి మిగిలిందని ఎవరూ చెప్పలేదు. కడ్డీకి ఏదో పొడుగాటి ఇంగ్లీషు పేరు పెట్టాడు. నాకు నోరు తిరగలేదు. మా ఇంట్లో దాన్ని అవ్వ పీట అనే అంటాం.

నీకు కోపం రాదా అని పిల్లను అడిగాను. వచ్చింది అత్తా, కాని గాయన సీటు ఎక్కి ఎవ్వరు పోవద్దని నా కోరిక, నా పేరు ఎక్కాలని కాదు అంది. అది మా అమ్మ నోటి మాటలాగే ఉంది.

ఆ సీట్లు గాల్లోకి లేవడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. మొన్న నేనూ అక్కా కాశీకి పోయాం. ఆ కంపెనీ విమానమే చూసి పిల్ల టికెట్లు తీసింది. టికెట్ మీద సీటు నంబరు రాసి ఉందని, ఎవరూ తీసుకోరని అక్కకు దారంతా చెప్పాను. సరేనంది. లోపలికి అడుగుపెట్టగానే ముందున్న ఇద్దరి భుజాల మీది నుంచి దస్తీ విసిరింది. అది ఎవరో ఒక పెద్దమనిషి ఒళ్లో పడింది. యూనిఫాం వేసుకున్న అమ్మాయి నవ్వుతూ తెచ్చి ఇచ్చి, మీ కర్చీఫ్ పడిపోయిందమ్మా అంది.

"పడలే బిడ్డ," అంది అక్క. "ఏసిన."

కూర్చున్నాం. సీటు ఇరుకే. ఆ రెండు వేళ్లు ఎక్కడ పోయాయో నా తొడలకు తెలిసింది. అక్క కాలితో కిందంతా తడిమింది. టక్కుమని చిన్న చప్పుడు. కడ్డీ దిగింది. రెండు పాదాలు పక్కపక్కన పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, రాణిలాగా కూర్చుంది. నేనూ నా కడ్డీ దించుకున్నాను. చాలాసేపు ఇద్దరం కిందికే చూస్తూ ఉన్నాం. కిటికీలో మబ్బులు ఉన్నాయట, ఈసారి కదిలేవే, మేము చూడలేదు.

"అమ్మ ఉంటే?" అంది అక్క.

"ఉంటే గా యూనిఫాం పిల్లను పిలిచి, పీటకు టికెట్ కొట్టినవా అని అడుగుతుండె" అన్నాను.

అక్క నవ్వింది. నవ్వి దస్తీతో కళ్లు తుడుచుకుంది. అంత దూరం విసిరిన దస్తీ చివరికి అందుకు పనికొచ్చింది.

అయిపోయింది. మీ చాయ్ చల్లారింది, నా తప్పే, ఇంకో గిలాస తెస్తాను. కూర్చున్నారు కదా, ఈ నోటితో ఒక మాట అననివ్వండి. మీ ఇంట్లో పొట్టివాళ్లకూ పొడుగువాళ్లకూ కూర్చున్నచోట కాళ్లు ఆనాలి. మీ ఇంటికొచ్చినవాళ్లు మర్యాదకు కాకుండా మనసుతోనే బాగుంది అనాలి, అని మళ్లీ రావాలి. మీ పిల్లల కష్టం మీద ఏ పెద్దసారు పేరు పడినా, మీ వంటింట్లో దానికి అసలు పేరే నిలవాలి. మీ చేన్ల మీద వాన సీసాలోంచి కాక మొగులులోంచే పడాలి. మీ ఇల్లు చల్లగా ఉండాలి.